ఆట కోసం చేరిన క్లబ్బులో పనే మిగిలింది

తార్నాక నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆమెను గుర్తుపట్టే వివరాలు తీసేసి, విషయం చెడకుండా క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆమెకు 61 ఏళ్లు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో మనవాళ్లు నలుగురు మహిళలు, పచ్చిక మీద బంతులు దొర్లించే లాన్ బౌల్స్ ఆట ఫైనల్లో దక్షిణాఫ్రికాను 17-10తో ఓడించి బంగారు పతకం తెచ్చినప్పుడు టీవీలో చూశారు. అంతవరకు అలాంటి ఆట ఒకటుందనే తెలియదట. తర్వాత పాత సహోద్యోగి ఒకాయన, సికింద్రాబాద్ వైపు చిన్న క్లబ్బులో ఆ ఆట ఆడుతున్నారని చెబితే వెళ్లి చూశారు, చేరిపోయారు. ఆదివారం పొద్దున, బుధ, శుక్రవారాల్లో సాయంత్రం ఆట. సభ్యులు ముప్పై మంది దాకా ఉన్నా క్రమం తప్పకుండా వచ్చేది సగం మందే. అందులో ఆడవాళ్లు ఐదుగురు.

ఆమెకు ఆట నేర్పింది క్లబ్ అధ్యక్షుడు, 76 ఏళ్ల రిటైర్డ్ ఇంజనీరు. అందరూ ఆయన్ని ‘సార్’ అంటారు. నలుగురి జట్టులో సార్ స్కిప్, అంటే ఎటు వేయాలో చెప్పే నాయకుడు; ఈమె లీడ్, అంటే మొదట వేసే మనిషి. మొదటి ఏడాది హాయిగా గడిచింది. ఆ తర్వాత ఒక్కొక్క పనే వచ్చి చేతిలో పడింది. ఎవరు వస్తున్నారో ఫోన్లు చేసి కనుక్కోవడం, నెల చందాలు వసూలు చేయడం, గడ్డి కోత గురించి, నీళ్ల గురించి మాలీతో మాట్లాడటం, స్టోర్‌రూమ్ తాళం, స్కోర్లు, ఆఖరికి టీ ఫ్లాస్కు, ఉస్మానియా బిస్కెట్లు కూడా. చందాలు తగ్గిన నెల తన చేతి డబ్బే వేస్తున్నారు. ఎంత వేశారో లెక్క రాసుకోలేదు. ఇదివరకటి కార్యదర్శి కూతురి దగ్గరికి విదేశం వెళ్లిపోయారు. వచ్చే నెల సర్వసభ్య సమావేశం. “ఎలాగూ అన్నీ మీరే చూస్తున్నారు, సెక్రటరీగా ఉండండి మేడమ్” అని అందరూ ఒకటే మాట.

రెండో చిక్కు సార్‌ది. ఆయన చూపు మందగించింది. ఈ మధ్య ఒక ఆదివారం బౌల్‌ని, అంటే ఈ ఆటలో దొర్లించే బరువైన బంతిని, తిరగేసి పట్టుకుని వేశారు. అది అటు తిరగాల్సింది ఇటు తిరిగి, పక్క వరుసలో ఆడుతున్నవాళ్ల మధ్యలోకి దొర్లుకుంటూ పోయింది. ఎవరూ ఏమీ అనలేదు. కానీ ఆట అయ్యాక నలుగురూ ఈమె దగ్గర చేరి, “మీ మాటైతే వింటారు, స్కిప్‌గా తప్పుకోమని మీరే చెప్పండి” అన్నారు.

మూడోది ఇల్లు. భర్త కూడా రిటైరయ్యారు. “నీకు ఇల్లొకటుందని గుర్తుందా?” అంటారు. ఆదివారం తెల్లవారుజామున హాట్‌బాక్సులో పెట్టి వెళ్లిన ఇడ్లీలు, పదిన్నరకు ఈమె తిరిగొచ్చేదాకా అలాగే ఉంటాయి. కొడుకు మియాపూర్‌లో ఉంటాడు. కోడలు మళ్లీ ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టాక, మనవణ్ని చూసుకోవడానికి వారంలో మూడు రోజులు రమ్మంటున్నాడు. బుధ, శుక్రవారాలు కుదరవంటే, “అమ్మా, నీకు బాబు ముఖ్యమా, ఆట ముఖ్యమా?” అన్నాడట. ఆ మాట మనసులో గుచ్చుకుందని రాశారు. “క్లబ్ మానేస్తే అన్నీ తీరతాయా? మానేస్తే మరి నాకంటూ ఏం మిగులుతుంది?” అన్నది ఆమె ప్రశ్న.

*

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాలుగో పేజీలో, మాలీ జీతం సంగతి చెబుతూ మధ్యలో ఒక వాక్యం రాశారు: “తొమ్మిదో మనిషి వస్తే నేనే పక్కకు జరుగుతాను కాబట్టి, నేను బౌల్ పట్టుకుని చాలా రోజులే అయింది.” (జట్టుకు నలుగురు, రెండు జట్లకు ఎనిమిది మందే కదా.) దాని తర్వాత వెంటనే మళ్లీ జీతం లెక్కలోకి వెళ్లిపోయారు. నాకు మాత్రం ఉత్తరం మొత్తంలో ముఖ్యమైన వాక్యం అదే అనిపించింది. ఆట కోసం చేరిన మనిషి ఆడటం లేదు. ఇంట్లోవాళ్లు ఆట మీద కోపంగా ఉన్నారు. ఆ కోపం తగలాల్సిన చోట తగలడం లేదు.

మీ ఆదివారాన్నే తీసుకోండి. ఆట ఆరుకు మొదలై ఎనిమిదికల్లా అయిపోతుందని మీరే రాశారు. క్లబ్బు నుంచి తార్నాకకు ఆ పూట ఇరవై నిమిషాలు. అంటే ఎనిమిదిన్నరకు మీరు ఇంట్లో ఉండొచ్చు. ఉంటున్నది పదిన్నరకు. మధ్యలో ఆ రెండు గంటలు ఎటు పోతున్నాయి? బౌల్స్ తుడిచి సర్దించడం, తాళం, చందా ఎవరిచ్చారో ఎవరివ్వలేదో, మాలీ ఫిర్యాదు, కప్పులు కడగడం. రాత్రి అన్నాల దగ్గర మోగే ఫోను కూడా ఆట కోసం మోగడం లేదు, పని కోసం మోగుతోంది. మీవారికి, మీ అబ్బాయికి ఈ రెండూ ఒకటిగానే కనిపిస్తున్నాయి. మీరు కూడా ‘క్లబ్’ అని ఒకే మాటలో కలిపేసి రాశారు. విడదీస్తే, ఆట వారానికి అయిదారు గంటలకు మించదు. మిగతాదంతా జీతం లేని ఉద్యోగం. కాబట్టి “క్లబ్ మానేయాలా” అనే ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, ఆ ఉద్యోగం సంగతి ముందు తేల్చుకుందాం.

ఈ ఆట తెలియని పాఠకులకు రెండు మాటలు చెప్పాలి. చదును చేసిన పచ్చిక మీద జాక్ అనే చిన్న బంతిని దూరంగా దొర్లిస్తారు. ఒక్కోటి కిలోన్నర వరకు బరువుండే బౌల్స్‌ని దానికి వీలైనంత దగ్గరగా ఆగేలా వేయాలి. బౌల్ పూర్తి గుండ్రంగా ఉండదు, ఒక వైపు చెక్కడంలో తేడా ఉంటుంది. అందుకే వేగం తగ్గేకొద్దీ ఒక పక్కకు తిరుగుతుంది. నలుగురి ఆటలో ఒక్కొక్కరికి రెండేసి బౌల్స్. సాధారణంగా లీడ్ మ్యాట్ పరిచి, జాక్ దొర్లించి, మొదటి బౌల్స్ వేస్తారు. సెకండ్ స్కోరు రాస్తారు. ఏ బౌల్ దగ్గరగా ఉందో అనుమానం వస్తే థర్డ్ కొలుస్తారు. స్కిప్ అవతలి చివర నిలబడి ఎటు వేయాలో చెబుతారు. తన వంతు పని అయ్యాక ఎవరైనా అవతలివాళ్ల పనిలో వేలు పెడితే ఆట చెడుతుంది. మీ క్లబ్బులో పచ్చిక మీద పాటిస్తున్న ఈ పద్ధతి, పచ్చిక దాటి స్టోర్‌రూమ్ దగ్గరికి వచ్చేసరికి మాయమైపోయింది. అక్కడ లీడ్, సెకండ్, థర్డ్ అన్నీ మీరే.

దీనికి ఎవరూ కుట్ర చేయలేదు. “మీరైతే చక్కగా చేస్తారండీ” అని మనస్ఫూర్తిగానే అని ఉంటారు. కానీ ముప్పై మందిలో ఐదుగురే ఆడవాళ్లున్న చోట టీ ఫ్లాస్కు ఒక ఆడమనిషి చేతికే వచ్చిందంటే, అది మీ ఒక్కరి మంచితనం వల్ల జరిగిందని నేననుకోను. మొదటిసారి తెచ్చినప్పుడు మర్యాదగా తెచ్చారు. మూడోసారికి అది మీ బాధ్యత అయింది. ఇప్పుడు తేకపోతే తప్పు చేసినట్టు మీకే అనిపిస్తోంది. ఇది నాకు బాధ కలిగించే విషయం, అందుకే గట్టిగా అంటున్నాను.

ఇక సెక్రటరీ పదవి. ఉన్నది ఉన్నట్టుగా ఒప్పుకుంటే ఏమవుతుందో ముందు చూడండి. ఇప్పుడు చేస్తున్న పనే చేస్తారు, దానికి సంతకం తోడవుతుంది. మీ క్లబ్బు సంఘంగా రిజిస్టరై ఉందని రాశారు. మన దగ్గర అలాంటి సంఘాలకు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం వర్తిస్తుంది. ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి, లెక్కలు చూపించాలి, కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కు పంపాలి. వీటిలో ఏది తప్పినా ముందు అడిగేది కార్యదర్శినే. ‘ఎలాగూ చేస్తున్నదే కదా’ అన్న మాట అందుకే సరైంది కాదు. ఇప్పుడు ఒక పని మీ వల్ల కాలేదంటే అయ్యో అంటారు. రేపు పదవిలో ఉండి అదే మాట అంటే సంజాయిషీ అడుగుతారు.

షరతులతో ఒప్పుకోవడం రెండో దారి. సమావేశానికి ముందే పనులన్నీ ఒక కాగితం మీద రాయండి. ప్రతి పని ఎదురుగా ఒక పేరు ఉండాలి, అది మీ పేరు కాకూడదు. కోశాధికారి వేరే మనిషి కావాలి. చందాలు మీ ఫోన్‌కు కాకుండా, ఇద్దరి సంతకాలతో నడిచే సంఘం ఖాతాకే వెళ్లాలి. తాళానికి ఇంకో చెవి చేయించి ఇంకొకరికివ్వాలి. పదవి ఒక్క ఏడాదికే. ఇవన్నీ సమావేశంలో ఒప్పుకుని మినిట్స్‌లో రాస్తేనే సరేననండి, నోటిమాటగా ఒప్పుకుంటే వద్దు.

ఇందులో ఒక కష్టం ఉంది. అందరూ తలూపి, మూడో వారానికి మళ్లీ మీ మొహమే చూస్తారు. అప్పుడు మీరు ఆగగలరా? ఇక్కడ ఒక తేడా గమనించండి. టీ రాకపోతే ఎవరికీ ఏమీ కాదు, ఒక ఆదివారం టీ లేకుండా ఇంటికి వెళ్తారు, రెండో వారం ఎవరో ఒకరు తెస్తారు. కానీ ఎండలు ముదిరాక మన ఊళ్లో నాలుగు రోజులు నీళ్లు పెట్టకపోతే ఆ గడ్డి ఎండిపోతుంది. ఒకసారి మచ్చలు మచ్చలుగా పోయిన పచ్చికని మళ్లీ బౌల్ సాఫీగా దొర్లేలా చేయడానికి నెలలు పడుతుంది. డబ్బు లెక్క కూడా అంతే, ఒకసారి చిక్కుపడితే విడదీయడం కష్టం. కాబట్టి గడ్డి, డబ్బు, ఈ రెండూ మాట మీద నిలబడే మనుషులకు అప్పగించండి. అవసరమైతే ముందు వాళ్లిద్దరితో విడిగా మాట్లాడుకోండి. టీ, ఫోన్లు, కప్పులు మాత్రం ఎవరికీ అప్పగించకపోయినా ఫర్వాలేదు, వదిలేయండి. వదిలేసినవి ఆగిపోతే ఆగిపోనివ్వండి. మీకు నిజంగా కష్టమయ్యేది ఇదే అనుకుంటున్నాను. ఖాళీ ఫ్లాస్కు చూస్తే మీ చెయ్యి ఊరుకోదు.

పదవి వద్దని చెప్పి మామూలు సభ్యురాలిగా ఉండటం మూడో దారి. “ఈ ఏడాది నేను ఆడటానికే వస్తాను. కావాలంటే స్కోర్ల పుస్తకం ఒక్కటి చూస్తాను” అని చెప్పొచ్చు. ఇలా చేస్తే కొన్నాళ్లు క్లబ్బు తడబడుతుంది. ఒకరిద్దరు మొహం ముడుచుకుంటారు. ఒక ఆదివారం తాళం తీసే మనిషి లేక అందరూ గేటు బయటే నిలబడవచ్చు కూడా. ఆ పూట మీకు చాలా ఇబ్బందిగా ఉంటుంది, నాకు తెలుసు. అయినా ఆ ఇబ్బంది పంచుకోవాల్సింది ముప్పై మంది.

నన్నడిగితే మూడోదే మీకు ఎక్కువ మేలు చేస్తుందంటాను. ఎందుకంటే, మీరు రాసిన ఆరు పేజీల్లో ‘సెక్రటరీగా ఉండాలని ఉంది’ అన్న మాట ఎక్కడా లేదు. ఉంటే షరతుల దారి పట్టమనేవాణ్ని. కొందరికి సంస్థ నడపడంలోనే ఆనందం ఉంటుంది, మీకూ అది ఉండొచ్చు. ముప్పై ఏళ్లు బ్యాంకులో చేసిన మనిషికి లెక్కలు తేలడంలో ఉండే తృప్తి చిన్నది కాదు. ఉందో లేదో తేల్చుకోవాల్సింది మీరే. కానీ ఎవరూ లేరు కదా అని మాత్రం ఒప్పుకోకండి.

సార్ విషయం సున్నితమైనది. అక్కడ మీ భయం నాకు అర్థమైంది. చేయి పట్టి నేర్పిన మనిషికి, ఇక చాలు అని ఎలా చెప్పడం?

ముందుగా, నలుగురి మాట మోసుకెళ్లే పని మీరు పెట్టుకోవద్దు. “అందరూ అనుకుంటున్నారు సార్” అని మొదలుపెట్టారంటే ఆయనకు వినిపించేది ఆ ‘అందరూ’ అన్న మాట ఒక్కటే. ఇన్నాళ్లూ తన వెనక మాట్లాడుకున్నారన్నమాట అని ఆ పెద్దమనిషి ఇక ఆ గేటు లోపలికే రాకపోవచ్చు. మీరు చెప్పదలిస్తే మీ మాటగా, మీరు చూసిన దాని వరకే చెప్పండి.

మీరు చూసింది ఏమిటి? ఆయన బౌల్ తిరగేసి పట్టుకున్నారు. బౌల్‌కు ఒక పక్క చిన్న వలయం గుర్తు, రెండో పక్క పెద్దది ఉంటాయి. చిన్న గుర్తు ఉన్న వైపే బౌల్ తిరుగుతుంది. ఆయనకు ఆ తేడా తెలియక కాదు, మీకు అది నేర్పిందే ఆయన. ఆ గుర్తు కళ్లకు ఆనలేదు, అంతే. 76 ఏళ్ల వయసులో అలా కావడానికి మొట్టమొదట అనుమానించాల్సింది కంటి శుక్లం, అంటే క్యాటరాక్ట్. అది ఆపరేషన్‌తో బాగయ్యేది. అదే అయితే, రెండు నెలల్లో నయమయ్యే ఇబ్బందికి ఆయన్ని స్కిప్ స్థానం నుంచి తప్పించినట్టవుతుంది. అది కాక గ్లకోమా (నీటికాసులు) లాంటిదైతే ఆలస్యం చేయకూడదు, పోయిన చూపు తిరిగి రాదు. కాబట్టి ఆయనతో మొదటి మాట ఆట గురించి కాకుండా కళ్ల గురించి ఉండాలి. ఆదివారం అందరి ముందు వద్దు. బుధవారం సాయంత్రం కాస్త ముందే వెళ్లండి, ఆయన బౌల్స్ బయటికి తీసి గుడ్డతో తుడుచుకునే వేళ, పక్కన కూర్చుని అడగండి. “సార్, ఆ రోజు గుర్తు కనబడలేదనుకుంటా, కళ్లు ఎప్పుడు చూపించుకున్నారు?” అని. మెహదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది, బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ ఉంది. ఎవరైనా తోడు వెళ్తే ఆ వయసువాళ్లు వెళ్తారు, లేకపోతే వాయిదా వేస్తారు. తోడు మీరే వెళ్లనక్కరలేదు. “తప్పుకోమని చెప్పండి” అన్న ఆ నలుగురిలో ఒకర్ని పంపండి.

పరీక్ష చేయించాక చూపు అంతవరకే అని తేలితే, అప్పుడు ఆట గురించి మాట్లాడొచ్చు. స్కిప్‌కు దూరం నుంచి మొత్తం బౌల్స్ పరిస్థితి కనబడాలి. ఏది ఎవరిది, ఏది దగ్గర, మధ్యలో సందు ఎక్కడుంది అన్నది చూసి చెప్పాలి. జాక్ కనీసం 23 మీటర్ల దూరంలో ఉంటుంది కాబట్టి అది కష్టమే. లీడ్‌కు అంత అక్కర్లేదు. ఎదురుగా ఏ బౌలూ లేని పచ్చిక మీద జాక్ దగ్గరికి వేయడమే లీడ్ పని. మీ ఇద్దరి స్థానాలు మార్చుకుంటే? ఇది మీరు ప్రతిపాదిస్తే ఆయన నవ్వి ఒప్పుకోవచ్చు, ‘నా దగ్గర నేర్చుకుని నాకే స్కిప్ అవుతావా’ అని నొచ్చుకోనూవచ్చు. నొచ్చుకునే మనిషైతే, మీరు కాకుండా కమిటీయే నెలకొకరు స్కిప్‌గా ఉండేలా అందరికీ కలిపి ఒక పద్ధతి పెట్టడం మంచిది. అప్పుడు ఆయన ఒక్కరికే జరిగినట్టు ఉండదు. దానివల్ల ఆట కొంతకాలం గజిబిజిగా ఉంటుంది, కొత్త స్కిప్‌లు తప్పులు చేస్తారు. పోనీ, అదీ నేర్చుకోవాల్సిందే కదా.

బౌల్ మీద చిన్న గుర్తు వైపు వేలికి తగిలేలా ఒక స్టిక్కర్ అంటించడం ఇంకా తేలిక. క్లబ్బులో సరదాగా ఆడేటప్పుడు దానికెవరూ అభ్యంతరం చెప్పరు. చూపు తక్కువైనవాళ్లు ఈ ఆటకు దూరం కానక్కరలేదు. కామన్వెల్త్ క్రీడల్లో చూపు బాగా తక్కువైనవాళ్లకు ప్రత్యేక విభాగమే ఉంది. వాళ్ల పక్కన ఒక సహాయకుడు ఉండి ఎంత దూరం, ఎటు అన్నది చెబుతుంటారు. 2022లో స్కాట్లండ్‌కు ఆ విభాగంలో బంగారు పతకం వచ్చినప్పుడు, అలా సహాయకుడిగా నిలబడి పతకం అందుకున్న జార్జ్ మిల్లర్ వయసు 75. అదే క్రీడల్లో రోజ్‌మేరీ లెంటన్ 72 ఏళ్ల వయసులో దివ్యాంగుల కోసం ఉన్న మరో పారా విభాగంలో బంగారు పతకం గెలిచారు. సార్‌కు ఈ సంగతులు చెప్పండి. ఆయనకు మీ సలహా కంటే ఇవే ఎక్కువ ధైర్యమిస్తాయి.

ఏమీ చెప్పకుండా ఊరుకోవడం కూడా ఒక దారే, చాలామంది చేసేది అదే. కానీ ఆ మౌనం సార్‌ను కాపాడుతుందనుకోవద్దు. తడబడి ఆ పచ్చిక అంచున ఉండే గుంటలో కాలు పడితే ఆ వయసులో తుంటి విరుగుతుంది. దాని ముందు మొహమాటం ఎంత?

ఇక ఇల్లు. మీవారు అలిగి టిఫిన్ తినరని రాశారు. నేను అది ఇంకోలా చదివాను. పదిన్నర దాకా ఆకలితో కూర్చునే మనిషి కోపం చూపిస్తూ ఉండొచ్చు. లేదా ఒక్కరే కూర్చుని తినడం ఇష్టం లేక ఎదురుచూస్తూ ఉండొచ్చు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆయనకు ఆఫీసే స్నేహితుల చోటు. అది పోయాక మీకు ఇంకో చోటు దొరికింది, ఆయనకు దొరకలేదు. పనులు తగ్గించుకుని ఆదివారం ఎనిమిదిన్నరకు ఇంటికి చేరి చూడండి. ఇద్దరూ కలిసి వేడివేడిగా తిన్నాక కూడా ‘నీకు ఇల్లు గుర్తుందా’ అన్నారంటే, అప్పుడు ఆయన ఫిర్యాదు వేరే అని తెలుస్తుంది, దాని గురించి మాట్లాడుకోవచ్చు.

ఆయన్ని కూడా క్లబ్బుకు తీసుకెళ్లమని ఎవరైనా సలహా ఇస్తారు, ఇచ్చే ఉంటారు. వెంటనే ఆ పని చేయకండి. ఆయనకు నచ్చితే మంచిదే, కలిసి వెళ్లొస్తారు. కానీ నచ్చకపోతే అక్కడ కూడా ఆయన ఎప్పుడు బయల్దేరదామంటారో అని గడియారం చూసుకుంటూ ఉంటారు మీరు. అది మీరు సొంతంగా వెతుక్కున్న చోటు. దాన్ని ఎవరితో పంచుకోవాలో, ఎప్పుడు పంచుకోవాలో మీ ఇష్టం. “ముసలివాళ్ల కాలక్షేపం” అని ఆయన అన్న మాటకు మాత్రం జవాబు చెప్పండి. 1930లో మొదటి కామన్వెల్త్ క్రీడల్లోనే ఉన్న ఆట అది. మీరు టీవీలో చూసిన నలుగురిలో లవ్లీ చౌబే జార్ఖండ్ పోలీసు శాఖలో కానిస్టేబుల్, పింకీ బళ్లో పిల్లలకు ఆటలు నేర్పే టీచరు. ఉద్యోగాలు చేసుకుంటూ, ఇళ్లు చూసుకుంటూ ఆడినవాళ్లే.

మీ అబ్బాయి వేసిన ప్రశ్నకు మీరు జవాబు చెప్పనక్కరలేదు. బాబుకూ ఆటకూ మధ్య పోటీ పెట్టింది మీరు కాదు. అతనికి నిజంగా కావలసింది వారంలో కొన్ని గంటలకు నమ్మకమైన మనిషి. కాబట్టి ముఖ్యం ఏది అన్న మాటలోకి దిగకుండా గంటల మాట మాట్లాడండి. “మంగళ, గురువారాలు పొద్దున తొమ్మిదికల్లా వస్తాను, సాయంత్రం కోడలు వచ్చేదాకా ఉంటాను. మిగతా రోజుకు మీరు ఏర్పాటు చూసుకోండి” అని తేదీలతో సహా చెప్పండి. తార్నాకలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, మియాపూర్ చేరేసరికి ముప్పావు గంట పైనే. రానూపోనూ అంత ప్రయాణం వారంలో మూడుసార్లు మీ మోకాళ్లతో కష్టమని కూడా చెప్పండి. మోకాళ్ల సంగతి మీరు నాకు రాశారు గానీ అతనికి చెప్పినట్టు లేదు. మూడో రోజుకు వాళ్లు క్రెష్ చూసుకోవాలి, డబ్బు ఖర్చవుతుంది, కొన్నాళ్లు మాటల్లో చురక తగులుతుంది. దానికి సిద్ధపడండి. మూడు రోజులూ ఒప్పుకుంటే ఆ చురక ఉండదు, మనవడు ఇంకా దగ్గరవుతాడు, అది తక్కువ సంతోషం కాదు. కానీ బుధ, శుక్రవారాలు పోతే వారానికి మిగిలేది ఆదివారం ఒక్కటే, ఆ ఒక్క పూటతో ఆటలో చెయ్యి నిలవదు. ఈ రెండిట్లో మీకు ఏది బాధ అనిపిస్తుందో నాకంటే మీకే తెలుసు.

ఒక సంగతి నాకు ఆశ్చర్యంగా అనిపించింది. ఉత్తరం మొత్తంలో తాతగారిని ఎవరూ రమ్మన్నట్టు లేదు. ఇంట్లో ఒంటరిగా ఉంటున్నారు, ఆరోగ్యంగా ఉన్నారు, మనవడంటే ప్రాణమని మీరే రాశారు. ఆ మూడో రోజు ఆయన వెళ్తే? మొదటి వారం పాల సీసా ఎక్కడుందని, జోకొట్టినా నిద్రపోవడం లేదని మీకు పది ఫోన్లు వస్తాయి. ఫోన్లోనే చెప్పండి, పరుగెత్తి వెళ్లకండి. నెల తిరిగేసరికి ఆయనా, వాడూ ఒక పద్ధతిలో పడతారు. అబ్బాయి చేత అడిగించండి, మీరు అడిగితే మీ పని ఆయన మీదకు నెట్టినట్టు ఉంటుంది.

క్లబ్ పూర్తిగా మానేయడం గురించి అడిగారు. మానేస్తే ఇంట్లో మాటలు ఆగుతాయి, నెలా రెండు నెలలు. ఖాళీ అయిన ఆ గంటల్లోకి వెంటనే ఇంకేదో పని వచ్చి చేరుతుంది, ఈసారి అది పోనని మొండికేస్తుంది. ఒకసారి వదులుకున్న అలవాటును, ఆ స్నేహాల్ని 65లో మళ్లీ మొదలుపెట్టడం ఇప్పటి కంటే కష్టం. అంత అలసిపోయి ఉంటే, మానేసే బదులు రెండు నెలలు రానని సెలవు చెప్పి చూడండి. తాళం, పుస్తకం అప్పగించేసి మరీ వెళ్లండి. ఆ రెండు నెలల్లో మీకు గుర్తొచ్చేది పచ్చికా, లేక ఆ హడావుడా అన్నది తేలిపోతుంది.

ఏ దారి ఎంచుకున్నా ఒక పని మాత్రం సమావేశం కంటే ముందే చేయండి. మీ చేతి నుంచి వేసిన డబ్బు ఎంతో లెక్క రాయలేదన్నారు. ఫోన్లో చెల్లింపుల వివరాలుంటాయి, బ్యాంకు పాస్‌బుక్ ఉంది. మాలీకి ఇచ్చినవి, గడ్డి కోత యంత్రం బాగుచేయించినవి, బిస్కెట్లతో సహా అన్నీ తేదీల వారీగా ఒక కాగితం మీద రాసి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకుని, ఇంకోటి సార్ చేతికివ్వండి. కొంత వదులుకోవాలనుకుంటే విరాళం అని రాసి రసీదు తీసుకోండి. మిగతాది వెనక్కి ఇమ్మని అడగండి. ఆ డబ్బు మీది.